ఓడ ఎక్కబోతున్నారా? ముందు వంతెన ఎక్కి చూడండి

డోన్‌లో కూర్చుని సముద్ర ప్రయాణం గురించి రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. మాది రాళ్ళ గనులూ, రైలు పట్టాలూ, ఎండా ఉన్న ఊరు. పాతవాళ్ళు ద్రోణాచలం అంటారు. 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లాలోంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఎటు బయలుదేరినా సముద్రం కంటపడాలంటే పూట పైగా ప్రయాణం చెయ్యాలి. ఐనా ఈ మధ్య జ్వరాల మధ్యా బీపీల మధ్యా ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది.

"సార్, మా పాప షిప్పు టిక్కెట్టు తీసింది. వాంతులకు ఏమన్నా బిళ్ళ రాసిస్తారా?"

అడిగేవారు రెండు రకాలు. చెన్నై నుంచి విశాఖపట్నానికో, ముంబై నుంచి గోవాకో వెళ్ళే విహార నౌక ఎక్కేవాళ్ళు మొదటి రకం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి, అక్కడ అలాస్కా వైపో బహామా దీవుల వైపో తిరిగే పెద్ద ఓడ ఎక్కేవాళ్ళు రెండో రకం. ఇద్దరిలోనూ ఎక్కువమంది అరవై దాటినవారే. ఇద్దరూ అడిగేది వాంతుల బిళ్ళే.

వాంతుల బిళ్ళ రాయడం నిమిషం పని. రాస్తాను కూడా. కాని వాంతుల వల్ల ప్రాణం మీదికి వచ్చినవారు అరుదు. అసలు ప్రమాదం మీరు ఇంటి నుంచి ఓడలోకి మోసుకుపోయే గుండెలో, రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో ఉంటుంది.

విహార నౌక అంటే తేలే ఊరు. ఊరంటే మాటవరసకి కాదు. 2022 జూన్‌లో చెన్నై నుంచి మొదటిసారి విశాఖ వచ్చిన 'ఎంప్రెస్' అనే ఓడనే తీసుకోండి. 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడ అది. పదకొండు అంతస్తులు. వెయ్యిన్నర మందికి పైగా ప్రయాణికులు పడతారు, వాళ్ళకి చాకిరీ చేసే సిబ్బంది మరికొన్ని వందల మంది. హోటళ్ళు, నాటకశాల, ఈతకొలను, అంగళ్ళు అన్నీ ఉంటాయి. ఇటువంటి ఓడల్లో ఆసుపత్రి కూడా ఉంటుంది. డాక్టరు, నర్సులు, కొన్ని మంచాలు, ఈసీజీ, ప్రాణవాయువు, అత్యవసర మందులు ఉంటాయి. పెద్ద ఓడల్లో ఎక్స్‌రే కూడా ఉంటుంది. కాని గుండె రక్తనాళం మూసుకుపోతే బెలూను వేసి తెరిచే వసతి ఉండదు. ఆపరేషను గది గాని, రక్తనిధి గాని ఉంటాయని ఆశించకండి. అక్కడి డాక్టరు పని మిమ్మల్ని నిలబెట్టి ఒడ్డుకు చేర్చడం. ఒడ్డు ఎంత దూరంలో ఉందన్నదే ప్రశ్న. డోన్‌లో గుండెనొప్పి వస్తే గంటలో కర్నూలు చేరతాం. బంగాళాఖాతం నడిమధ్యలో వస్తే ఆ గంట ఎన్ని గంటలవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంత చెప్పాక మానేద్దామని అనుకోకండి. మానెయ్యమని ఈ వ్యాసం రాయడం లేదు.

రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వాంతుల బిళ్ళ కోసమే నా దగ్గరికి వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళు. బెంగుళూరులో ఉన్న కూతురు ఇద్దరికీ టిక్కెట్లు తీసింది. ప్రయాణం ఇంకా పన్నెండు రోజులుంది. "ఒంట్లో ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అంటే "ఏం లేదు సార్, అప్పుడప్పుడు గ్యాసు" అన్నారు. ఆయన భార్య గోడ పక్కన నిలబడి, "గ్యాసంట! నిన్న టేషన్లో వంతెన మెట్లు ఎక్కతా సగంలో కూచున్నాడు. చెమటలు కారినాయి. పాపకు చెప్పొద్దంటాడు" అంది. ఆయన ఆమె వంక కోపంగా చూశారు. "అంత లెక్క పోసి కొన్నారు సార్, బిడ్డలు. ఇప్పుడు మెలిక పెడితే లెక్క పాయె" అన్నారు.

లెక్క అంటే మా సీమలో డబ్బు. ఆ ఒక్క మాట చాలామంది తల్లిదండ్రుల నోట విన్నాను. పిల్లల డబ్బు వృథా కాకూడదని నొప్పిని గ్యాసు అంటారు, ఆయాసాన్ని వయసు అంటారు. పిల్లలకి తెలియదు. వాళ్ళకి టెలిఫోనులో వినపడేది "మేం బాగున్నాం" అన్న మాటే.

ఆయన ఈసీజీ మామూలుగానే ఉంది. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్లని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. శ్రమ చేసినప్పుడు మాత్రమే రక్తం చాలని గుండె, విశ్రాంతిలో ఉన్నప్పుడు ఏ తేడా చూపించకపోవచ్చు. మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే రొమ్ము బరువు, దానికి తోడు చెమట ఉంటే ఈసీజీ ఏమన్నా సరే, అది గుండె మాట అనే ముందు అనుమానించాలి. ఆయన్ని కర్నూలు పెద్దాసుపత్రికి పంపాను. రక్తనాళం ఒకటి బాగా సన్నబడిందని తేలింది, స్టెంటు వేశారు. ఓడ ఆయన లేకుండానే వెళ్ళిపోయింది. కూతురు నాకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడలేకపోయింది. డబ్బు సంగతి ఆ అమ్మాయి ఎత్తనే లేదు. ఆ తర్వాత, గుండె డాక్టరు సరే అన్నాక, పెద్దాయన ముంబై నుంచి గోవా వెళ్ళే ఓడెక్కి వచ్చారు. వచ్చి నాకు ఓడ కిటికీలోంచి తీసిన ఫోటోలు ఓ యాభై చూపించారు. అన్నిట్లోనూ నీళ్ళే.

అందుకని ఓడ టిక్కెట్టు చేతికొచ్చిన వెంటనే ఒక పని చెయ్యండి. మీ ఊరి రైల్వే స్టేషన్లో వంతెన ఉంటే దాన్ని మామూలు నడకన, మధ్యలో ఆగకుండా ఎక్కి చూడండి. వంతెన లేకపోతే ఏదైనా మేడకి రెండంతస్తుల మెట్లు చాలు. రొమ్ములో బరువు గాని, దవడకో ఎడమ చేతికో లాగడం గాని, మాట్లాడలేనంత ఆయాసం గాని లేకుండా ఎక్కగలిగితే మీ గుండె మామూలు ప్రయాణానికి చాలావరకు తయారుగా ఉన్నట్లే. ఎక్కలేకపోతే మాత్రం వాంతుల బిళ్ళ మాట పక్కనపెట్టి డాక్టరు దగ్గర ఉన్నదున్నట్లు చెప్పండి. ఇటీవల గుండెపోటు గాని, పక్షవాతం గాని, పెద్ద ఆపరేషను గాని అయినవారు తమ డాక్టరు రాసి ఇవ్వందే బయలుదేరకూడదు. గర్భిణీల సంగతి ఓడ కంపెనీలే చూసుకుంటాయి. 24 వారాలు నిండినవారిని చాలా కంపెనీలు ఎక్కించుకోవు. ఆరు నెలలు నిండని పసిబిడ్డలనీ ఎక్కించుకోవు.

పిల్లలకి కూడా ఒక మాట. మీ అమ్మానాన్నలకి టిక్కెట్టు తీసి ఆశ్చర్యపరచాలని మీకు సరదాగా ఉంటుంది. కాని టిక్కెట్టు తియ్యకముందే ఇద్దరినీ డాక్టరుకి చూపించండి. డబ్బు కట్టేశాక వాళ్ళ నోట నిజం రాదు.

విదేశీ ఓడైతే వైద్య బీమా తప్పనిసరి అనుకోండి. ఓడలో ఆసుపత్రి ఉచితం కాదు, చూసినందుకూ మందుకూ డబ్బు వేస్తారు. హెలికాప్టరులో ఒడ్డుకు చేర్చవలసి వస్తే ఆ ఖర్చు సామాన్య సంసారం తట్టుకునేది కాదు. బీమా కాగితంలో షుగరు, బీపీ, పాత గుండెజబ్బు దాచిపెట్టకండి. దాచిన జబ్బుకి వాళ్ళు డబ్బివ్వరు.

ఇక మందుల సంచి. ఓడ ఎక్కేచోట మీ పెట్టెలు తీసుకుంటారు. అవి మీ గదికి చేరేసరికి కొన్ని గంటలు పట్టవచ్చు. మందులు ఆ పెట్టెల్లో పెట్టారా, మధ్యాహ్నం వేసుకోవలసిన బిళ్ళ రాత్రికి గాని దొరకదు. మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి. ప్రయాణం ఐదు రోజులైతే పది రోజులకి సరిపడా పెట్టుకోండి. తుఫాను వస్తే ఓడ దారి మార్చుకుంటుంది, రేవు మారుతుంది. ఇన్సులిను గదిలోని చిన్న ఫ్రిజ్‌లో పెట్టవచ్చు గాని, గడ్డకట్టే చోటికి ఆనించకండి. గడ్డకట్టిన ఇన్సులిను మళ్ళీ కరిగినా పనికిరాదు.

"పొద్దున తెల్లబిళ్ళ, రాత్రి పసుపుబిళ్ళ" అంటే ఓడ డాక్టరుకి ఏం తెలుస్తుంది? మన దుకాణంలో అమ్మే పేర్లు కూడా బయటిదేశం వాళ్ళకి తెలియవు. అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి. పారాసెటమాల్‌ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. పేరు తెలియక రెండూ వేసుకున్నవారున్నారు, రెండూ ఒకటే. మీ చివరి ఈసీజీ ఫోటో తీసి సెల్‌ఫోనులో ఉంచుకోండి. పాతది చేతిలో ఉంటే కొత్త మార్పేమిటో ఏ డాక్టరుకైనా నిమిషంలో తెలుస్తుంది. ఈ చిన్నపనికి ఉన్నంత విలువ సంచిలోని సగం బిళ్ళలకి ఉండదు.

మేమిద్దరం చెన్నై నుంచి విశాఖ వెళ్ళినప్పుడు, సాయంత్రం కాచిగూడలో బయలుదేరి కర్నూలు, డోన్ మీదుగా చెన్నై వైపు వెళ్ళే రైలెక్కాం. మన ఆడవాళ్ళకి రైలులో నీళ్ళు తాగని అలవాటు. మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని సాయంత్రం నుంచే గొంతు తడుపుకోరు. మా ఎదుటి బెర్తులో పెద్దావిడ కూడా ఓడకే వస్తోంది. రాత్రంతా కలిపి అరగ్లాసు నీళ్ళు తాగి ఉంటుందేమో. అలా ఎండిపోయిన ఒంటితో చెన్నైలో దిగి, రేవులో కాగితాలు చూపించే వరుసలో నిలబడి, అటుపిమ్మట ఓడలో వాంతులు మొదలైతే మూత్రపిండాలు ఏం కావాలి? బీపీకి మూత్రం పోసే బిళ్ళ వేసుకునేవారికి ఇది మరీ చెడ్డది. రైలులోనే నీళ్ళు తాగండి, దొడ్డికి లేవండి. సిగ్గుపడవలసిన పని కాదు.

ఓడ ఎక్కగానే అందరినీ ఒకచోట చేర్చి, ప్రమాదమైతే ఎటు పోవాలో, లైఫ్‌జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చూపిస్తారు. సరిగ్గా ఆ వేళకే మనవాళ్ళకి ఆకలేస్తుంది! దయచేసి వెళ్ళండి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే విహార నౌక రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది ప్రయాణికులకి అప్పటికింకా ఈ శిక్షణ ఇవ్వలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నియమం మార్చి, ఓడ బయలుదేరకముందో, బయలుదేరిన వెంటనేనో ఇది జరగాలన్నారు. అంత దూరం ఎందుకు, 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగి ఎన్ని ఇళ్ళు గొల్లుమన్నాయో మనం మరిచిపోలేదు. అప్పుడు బతికినవారిని పడవలు వేసుకొచ్చి ఒడ్డుకు చేర్చింది కచ్చులూరు గిరిజనులు. పెద్ద ఓడైనా చిన్న పడవైనా జాకెట్టు ఎక్కడుందో, మెట్లు ఎటున్నాయో ఎక్కగానే చూసుకోవాలి.

మా గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది. స్నానాల గదికి జానెడు గడప. ఓడల్లో నీళ్ళు బయటికి రాకుండా అలా కడతారు. మా ఆవిడ పుట్టింట్లో అంతకన్నా పెద్ద గడపలు, ఆమె అలవాటుగా కాలెత్తి దాటేసింది. అపార్టుమెంట్లలో పెరిగిన పిల్లలే దానికి తట్టుకుని పడుతున్నారని నర్సమ్మ చెప్పింది. ఐతే రాత్రి నిద్రమత్తులో, ఓడ ఊగేటప్పుడు, పెద్దవాళ్ళకి ఆ గడపే శత్రువు. ముసలితనంలో తుంటి ఎముక విరగడం నేలమీదే పెద్ద ఆపద, సముద్రం మీద మాట చెప్పనక్కర్లేదు. స్నానాల గదిలో దీపం రాత్రంతా వెలగనివ్వండి. కిటికీ లేని లోపలి గది చౌక, కాని దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. మతిమరుపు ఉన్న పెద్దలు అటువంటి చీకట్లో కంగారుపడి, ఎక్కడున్నామో తెలియక లేచి తిరుగుతారు. వాళ్ళకి కిటికీ ఉన్న గదే తియ్యండి. విదేశీ ఓడల మరుగుదొడ్లలో కడుక్కోడానికి నీళ్ళ గొట్టం ఉండదు, కాగితమే. సంచిలో ఒక చిన్న ప్లాస్టిక్ చెంబు పెట్టుకుంటే సరి.

సాయంత్రం ఓడ చెన్నై రేవు దాటింది. పై అంతస్తులో అందరూ ఒడ్డు వైపు నిలబడి చేతులూపుతున్నారు. సముద్రం మనకి కొత్తని మనం అనుకుంటాం గాని, తెలుగువాళ్ళు ఓడెక్కడం ఇప్పటిది కాదు. 1860 అక్టోబరు 12న ఇదే మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ కూలీలతో బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఆ తరువాత కాకినాడ నుంచీ విశాఖ నుంచీ రంగూను వెళ్ళిన స్టీమర్లలో మన కోస్తా వాళ్ళు వేలకొద్దీ వెళ్ళారు. వాళ్ళకి గదుల్లేవు, పైకప్పే పడక. ఓడల్లో కలరా వస్తే ఏమయ్యేదో ఆనాటి వైద్యులు రాసిపెట్టారు. ఇప్పుడు మనం తెల్లదుప్పటి మీద పడుకుని దిండు మెత్తగా లేదంటాం.

చీకటిపడ్డాక ఊపు తెలిసింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానులు. బంగాళాఖాతం నిలకడ గల సముద్రం కాదు. ఓడ రెండు పక్కలా నీళ్ళలో రెక్కల వంటివి పెట్టి ఊపు తగ్గిస్తారు గాని పూర్తిగా పోదు. ఇప్పుడు మీరు అడిగిన వాంతుల సంగతి. మన చెవి లోపల, ఒంటి కదలికని కనిపెట్టే సన్నని గొట్టాలున్నాయి. అవి "కదులుతున్నాం" అంటాయి. గదిలో కూర్చున్న కళ్ళు "గోడ కదలడం లేదు" అంటాయి. ఈ తగాదాలో మెదడు తికమకపడి కడుపు తిప్పుతుంది. ఇది బలహీనత కాదు. జీవపరిణామం చెప్పిన డార్విను 1831 నుంచి 1836 దాకా ఓడమీద తిరుగుతూ దీనితో బాధపడుతూనే ఉన్నాడు.

కళ్ళకీ చెవికీ రాజీ కుదిర్చితే చాలు. పై అంతస్తుకి వచ్చి నీళ్ళూ ఆకాశం కలిసే గీత వైపు చూడండి. చదవకండి, సెల్‌ఫోను చూడకండి. ఊపు తక్కువ ఉండేది ఓడ నడుమ భాగంలో, కింది అంతస్తుల్లో. టిక్కెట్టు తీసేటప్పుడే అక్కడ గది అడగండి. కడుపు ఖాళీగా ఉంచకండి, నిండుగానూ వద్దు. అల్లం కొందరికి కొంత పనిచేస్తుంది, పెట్టుకుపోండి. బిళ్ళ కావాలంటే మన దుకాణాల్లో దొరికే అవోమిన్ పాతదీ నమ్మకమైనదీ. పెద్దవారికి 25 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు గాని, బయలుదేరడానికి గంట రెండు గంటల ముందు గాని వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే బిళ్ళ కూడా బయటికే వస్తుంది. ఐదేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకండి. దానివల్ల నిద్ర వస్తుంది, మద్యంతో కలిపితే మరీ ఎక్కువ. ప్రొస్టేటు గ్రంథి పెరిగినవారికి మూత్రం బిగుసుకుపోవచ్చు, కంట్లో నీటికాసు ఉన్నవారికి కంటి ఒత్తిడి పెరగవచ్చు. ఈ ఇద్దరూ డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడదు. పెద్దవారిలో మత్తు, తడబాటు, పడిపోవడం కూడా ఉన్నాయి; గడప సంగతి గుర్తుంది కదా? ఇంట్లో విరేచనాలప్పుడు మిగిలిన ఓండాన్‌సెట్రాన్ బిళ్ళ ఉందని తీసుకెళ్ళేవారున్నారు. ఓడ వికారానికి అది పెద్దగా పనిచెయ్యదు.

మరుసటి రోజంతా నీళ్ళే. పొద్దున్నే భోజనశాలకి వెళ్ళాం. అక్కడ నాకు రెండు రకాల మనుషులు కనిపించారు. ఒకరు డబ్బు కట్టాం కదా అని మూడు పళ్ళేలు నింపుకునేవారు. వీళ్ళ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. గుండె బలహీనంగా ఉన్నవారు మాత్రం ఊరగాయలు, అప్పడాలు, సూపులు, చిప్సు, వీటిలో ఉప్పు ఎంత ఉంటుందో గుర్తుంచుకోవాలి. రెండు రోజుల ఉప్పుతో కాళ్ళు వాచి, రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవారుంటారు.

నాకు ఎక్కువ భయం వేసేది రెండో రకం వారిని చూసి. పొద్దున షుగరు బిళ్ళ వేసుకుని వస్తారు. గిన్నెలన్నీ తిరిగి చూస్తారు. ఇందులో గుడ్డు ఉందేమో, ఆ గరిటె ఈ గరిటె కలిపారేమో అని అనుమానం. చివరికి ఒక అరటిపండు తిని, కాఫీ తాగి లేచిపోతారు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు వేసుకునేవారు, ఇన్సులిను వేసుకునేవారు ఇలా చేస్తే రెండు మూడు గంటల్లో చెమటలు పట్టి, కాళ్ళు చేతులు వణికి, తిక్కతిక్కగా మాట్లాడి పడిపోతారు. చుట్టూ ఉన్నవారు ఓడ ఊపు వల్ల వికారమనుకుంటారు! అసలు తేడా ఇక్కడే తెలుసుకోవాలి. షుగరు ఉన్న మనిషికి ఓడలో తల తిరిగితే ముందు వేలు పొడిచి షుగరు చూడండి. యంత్రం లేకపోతే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి, తెలివి ఉంటేనే. తెలివి తప్పిన నోట్లో ఏమీ పొయ్యకండి, ఆసుపత్రికి ఫోను చెయ్యండి. అన్నిటికన్నా సులువైన మార్గం, తినేది పళ్ళెంలో పడ్డాకే బిళ్ళ వేసుకోవడం. కంపెనీవాళ్ళకి ముందే చెబితే శాకాహారం, జైన భోజనం విడిగా వండే ఓడలున్నాయి. అలవాటైన తిండి ఏదో ఒకటి సంచిలో ఉండటం మంచిదే. మా ఆవిడ వేయించిన బొరుగులు కట్టుకొచ్చింది. ఉగ్గాని మాత్రం ఓడవాళ్ళకి తెలియదు.

చేతులు. భోజనశాల ద్వారం దగ్గర చేతుల మీద మందు చల్లుతారు. అది సరిపోదు. ఓడల్లో వాంతులు, విరేచనాలు గుంపుగా రావడానికి ముఖ్య కారణం నోరోవైరస్ అనే క్రిమి. 1968లో అమెరికాలో నార్వాక్ అనే ఊరి బడిలో పిల్లలకి వచ్చిన జబ్బు నుంచి దాన్ని కనిపెట్టారు, పేరూ అక్కడిదే. ఆల్కహాలు మందుకి అది సరిగా చావదు. సబ్బు, పారే నీళ్ళు, ఇరవై సెకన్ల రుద్దుడు కావాలి. అందరూ పట్టుకున్న గరిటె పట్టుకుని, అదే చేత్తో మనం అన్నం కలుపుకుంటాం. చెంచాతో తినేవాడికన్నా మనకే జాగ్రత్త ఎక్కువ కావాలి. వడ్డించుకోవడం అయ్యాక, తినబోయే ముందు, మళ్ళీ లేచి చెయ్యి కడుక్కోండి. మనలాంటి దేశంలో పెరిగిన కడుపుకి ఏమీ కాదనుకోవడం భ్రమ.

విరేచనాలు, వాంతులు మొదలైతే దాచకుండా ఓడ డాక్టరుకి చెప్పండి. గదిలో ఉండమంటారని భయపడి దాస్తారు. 2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడ ఆగిపోయిన సంగతి మీరు వినే ఉంటారు. ఓడలో 3,711 మంది, అందులో 712 మందికి కరోనా. ఒక ఓడలో ఒకరి దగ్గు ఎంతమంది దగ్గో అది చూపించింది. దగ్గు, జ్వరంతో ఉంటే బయలుదేరకండి. ఓడలో వస్తే మాస్కు కట్టుకోండి. ఏటేటా వేసే ఫ్లూ టీకా బయలుదేరడానికి రెండు వారాల ముందు వేయించుకుంటే మంచిది.

వాంతులో విరేచనాలో ఆగకుండా ఉన్నప్పుడు కొన్ని బిళ్ళలు మేలుకి బదులు కీడు చేస్తాయి. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు బిళ్ళలు, మూత్రం పోసే బిళ్ళలు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ బిళ్ళలు ఆ ఒకటి రెండు రోజులు ఆపవలసి రావచ్చు. ఏది ఆపాలో, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో మీ డాక్టరుతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిను మాత్రం పూర్తిగా ఆపెయ్యకూడదు. ఓఆర్ఎస్ పొట్లం మీద ఎన్ని నీళ్ళలో కలపాలో ఉంటుంది. లీటరు పొట్లాన్ని గ్లాసులో కలిపి తాగకండి.

మూడోరోజు తెల్లవారుతుండగా విశాఖ కనిపించింది. రోడ్డు మీంచీ రైలు మీంచీ ఎన్నోసార్లు చూసిన ఊరే. సముద్రం మీంచి చూస్తే వేరు. ముందు కొండల గీత, తర్వాత డాల్ఫిన్స్ నోస్ కొండ ముక్కు నీళ్ళలోకి పొడుచుకువచ్చినట్లు, ఆ కొండ అండన రేవు. 1933లో 'జలదుర్గ' అనే ఓడతో ఆ రేవు తెరుచుకుంది. 1948 మార్చిలో నెహ్రూగారు 'జల ఉష'ని నీళ్ళలోకి వదిలింది ఇక్కడి కార్ఖానాలోంచే. విహార నౌకల కోసం ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్‌ని 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. ఓడలు ఏ నెలలో వస్తాయో ఏటా మారుతుంటుంది, కనుక్కుని బయలుదేరండి. రైలులో మా ఎదుట కూర్చున్న పెద్దావిడ పైకొచ్చి రెయిలింగు పట్టుకుని చూస్తోంది. "ఇంత నీళ్ళు దేవుడు ఇక్కడే పోసినాడు సార్, మనకొక చెరువన్నా నింపకుండా" అంది.

దిగాక ఒక రోజో రెండు రోజులో నేల ఊగుతున్నట్లే ఉంటుంది. స్నానం చేసేటప్పుడు గోడ పట్టుకోవాలనిపిస్తుంది. ఇది జబ్బు కాదు, ఊపుకి అలవాటుపడ్డ మెదడు ఇంకా సర్దుకోలేదు, అంతే. మా ఊళ్ళో ఒకాయన ఇలాగే ఊగుతూ వస్తే ఎవరో మెడ ఎక్స్‌రే తీయించి, ఎముకలు అరిగాయని పట్టీ కట్టారు. అరవై దాటిన ఎవరి మెడ తీసినా అరిగే ఉంటుంది. నెల దాటినా తగ్గకపోతే చెవి డాక్టరుకి చూపించుకోండి. ఐతే మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా అది ఓడ ఊపు కాదు, ఆ నిమిషమే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంటికి వచ్చిన రెండు వారాల లోపల జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుకి ఓడ నుంచి వచ్చానని మీ అంతట మీరే చెప్పండి. ఓడల్లో వేడినీళ్ళ తొట్లు ఉంటాయి. సరిగా శుభ్రం చెయ్యని తొట్టి ఆవిరిలోంచి లెజియొనెల్లా అనే క్రిమి ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. మామూలు న్యుమోనియాకి ముందుగా రాసే పెన్సిలిను జాతి మందులకి అది లొంగదు, వేరే మందు వాడాలి. డోన్‌లో డాక్టరు ఎదుట కూర్చున్న మనిషి ఓడ దిగి వచ్చి ఉంటాడని ఆయనకి తట్టకపోవచ్చు.